డిటర్జెంట్ లేకుండా బట్టలు ఉతకడం: ఇంట్లో ఉన్నవాటిలో ఏది, ఎంత, ఎలా

బట్టల పొడి అయిపోయిన రోజున గానీ, దాని వాసనో రంగో చర్మానికి పడనివాళ్లు ఇంట్లో ఉన్నప్పుడు గానీ, దానికి బదులు ఏం వాడవచ్చన్న ప్రశ్న వస్తుంది. జవాబుగా వినిపించే పేర్లు అందరికీ తెలిసినవే: వంట సోడా, వెనిగర్, నిమ్మరసం, కుంకుడుకాయలు, గిన్నెలు తోమే ద్రవం. వీటిలో ఏ ఒక్కటీ డిటర్జెంటుకు పూర్తిగా సాటిరాదు. డిటర్జెంటు చేసే పనుల్లో ఒకటో రెండో చేసి మిగతావాటిని వదిలేస్తుంది. కాబట్టి ఏది వాడాలో తేల్చుకునే ముందు బట్టకు అంటిన మురికి ఏమిటో, మనకు వచ్చే నీళ్లు ఎలాంటివో, ఆ బట్ట దేనితో నేసిందో తెలుసుకోవాలి. ఈ మూడూ తెలిస్తే ఇంట్లో ఉన్న మామూలు వస్తువులతోనే చాలా బట్టలను శుభ్రంగా ఉతకవచ్చు. తెలియకపోతే ఎంత మంచి వస్తువైనా బట్టను పాడుచేస్తుంది, లేదా నీళ్లలో వృథాగా పోతుంది.

డిటర్జెంటు అసలు చేసే పనులు

డిటర్జెంటు పొడి ఒకే పదార్థంలా కనిపించినా అది నాలుగైదు రకాల పనివాళ్లు కలిసిన జట్టు. అందులో ముఖ్యమైనవి సర్ఫాక్టెంట్లు. వీటి అణువుకు ఒక కొస నీటిని, మరో కొస నూనెను అంటిపెట్టుకుంటుంది. అందువల్ల ఇవి నీటి తలతన్యతను తగ్గించి నీరు పోగుల మధ్యకు దూరేలా చేస్తాయి, జిడ్డును చిన్న చిన్న బిందువులుగా విడగొట్టి చుట్టుముడతాయి, విడిపోయిన మురికి మళ్లీ బట్టకు అంటకుండా నీళ్లలోనే నిలిపి ఉంచుతాయి. రెండో రకం నీటి కాఠిన్యాన్ని, అంటే సబ్బును పనిచేయనివ్వని కాల్షియం వంటి లవణాల ప్రభావాన్ని తగ్గించి, నీటిని కొంత క్షారంగా మార్చే పదార్థాలు. మూడోవి ఎంజైములు. రక్తం, పాలు, చెమట వంటి వాటిలోని ప్రోటీనులను, పిండి పదార్థాలను ఇవి ముక్కలు చేస్తాయి. ఉతకడానికి ఎంజైమును వాడే ఆలోచనకు 1913లో ఒట్టో రోమ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త పేటెంటు తీసుకున్నారు. నాలుగోవి ఆక్సిజన్‌ను విడుదల చేసి టీ, కాఫీ వంటి రంగు మరకలను విరగ్గొట్టేవి.

వీటితోపాటు చాలా పొడుల్లో ఉతకడంతో సంబంధం లేని వస్తువు ఇంకొకటి ఉంటుంది. అది ఆప్టికల్ బ్రైటెనర్. కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలి కాంతిని వెలువరించి, తెల్లబట్టను కళ్లు చెదిరేంత తెల్లగా చూపడమే దాని పని. ఇంటి వస్తువులతో కొంతకాలం ఉతికితే తెల్లచొక్కా కాస్త పసుపుగా కనిపించడానికి కారణం ప్రతిసారీ మురికే కాదు. చాలాసార్లు ఆ పూత కరిగిపోవడం మాత్రమే. ఈ తేడా తెలియక ఎంతోమంది అవసరం లేని బ్లీచింగు చేసి పోగులను బలహీనపరుస్తారు.

1959లో డిటర్జెంట్ల నిపుణుడు హెర్బర్ట్ సిన్నర్ చెప్పిన సూత్రం కూడా ఇక్కడ ఉపయోగపడుతుంది. శుభ్రపరచడం అనేది రసాయనం, వేడి, రాపిడి, సమయం అనే నాలుగింటి మీద ఆధారపడుతుంది. ఒకటి తగ్గితే మిగిలినవాటిని పెంచి ఆ లోటు పూడ్చాలి. ఇంటి ప్రత్యామ్నాయాల్లో రసాయన బలం తక్కువ కాబట్టి ఎక్కువసేపు నానబెట్టడం, నీళ్లు వేడిగా ఉంచడం, చేత్తో రుద్దడం తప్పనిసరి అవుతాయి. డిటర్జెంటు వేసినట్లే అరగంట తిప్పి తీసేసి, ఈ పద్ధతి పనిచేయలేదని అనుకోవడం సరికాదు.

మొదటి మెట్టు: నీళ్లను పరీక్షించడం

మూత ఉన్న ఒక పారదర్శకమైన సీసాలో మూడోవంతు నీళ్లు పోసి, అందులో సబ్బుతో తయారైన ద్రవాన్ని కొద్ది చుక్కలు వేసి గట్టిగా కుదపాలి. పైన నురగ నిలిచి, కింద నీరు తేటగా ఉంటే అది మృదు జలం. నురగ సరిగా రాక నీరు పాలలా తెల్లబడితే కఠిన జలం. ఈ పరీక్షకు గిన్నెలు తోమే ద్రవం గానీ షాంపూ గానీ పనికిరావు. అవి కఠిన జలంలో కూడా నురగ ఇస్తాయి. మామూలు స్నానపు సబ్బును కాస్త తురిమి వేడినీళ్లలో కరిగించి వాడుకోవచ్చు.

కఠిన జలంలో సబ్బు ఎంత వృథా అవుతుందో లెక్క చూస్తే ఈ పరీక్ష విలువ అర్థమవుతుంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన కాఠిన్యం ఉన్న 10 లీటర్ల నీళ్లలో, మురికి జోలికి పోకముందే సుమారు 18 గ్రాముల సబ్బు కాల్షియంతో కలిసి కరగని తెల్లని తెట్టుగా మారిపోతుంది. అదే కాల్షియాన్ని వదిలించడానికి బట్టల సోడా (సోడియం కార్బొనేట్, వంట సోడా కాదు) సుమారు 3 గ్రాములు చాలు. కాబట్టి నీళ్లు కఠినమైనవైతే ముందు సోడా, తరువాత సబ్బు అనే వరుసను ఎప్పుడూ తప్పకూడదు.

రెండో మెట్టు: బట్టలను వేరుచేయడం

పత్తి, నార బట్టలు క్షారాన్ని బాగా తట్టుకుంటాయి. పట్టు, ఉన్ని జంతువుల నుంచి వచ్చిన ప్రోటీను పోగులు కాబట్టి క్షారం వాటిని నెమ్మదిగా తినేస్తుంది. బట్టల సోడా, బూడిద నీళ్లు, బట్టల సబ్బు వీటికి తగలకూడదు. పాలిస్టర్ వంటి కృత్రిమ పోగులు దేనికీ తొందరగా పాడుకావు గానీ, నూనెను, చెమటలోని జిడ్డును వదలకుండా పట్టుకుంటాయి. వాటికి సోడా ఒక్కటే చాలదు, సర్ఫాక్టెంటు ఉన్నది ఏదో ఒకటి కావాలి.

రంగు నిలుస్తుందో లేదో కూడా చూడాలి. వాడబోయే ద్రావణాన్ని లోపలి కుట్టు దగ్గర కాస్త రాసి, అయిదు నిమిషాలు ఆగి, పొడి తెల్లగుడ్డతో అద్దాలి. తెల్లగుడ్డకు రంగు అంటితే ఆ బట్టను విడిగా, చల్లని నీళ్లలో, క్షారం లేకుండా ఉతకాలి. ఒకసారి డిటర్జెంటులో రంగు పోని బట్ట సోడా నీళ్లలో కూడా పోదన్న నమ్మకం పెట్టుకోకూడదు. కొన్ని అద్దకాలు క్షారంలోనే ఎక్కువగా వదులుతాయి.

మూడో మెట్టు: వస్తువును ఎంచుకోవడం

బట్టల సోడా. ప్రత్యామ్నాయాల్లో అన్నింటికన్నా ఎక్కువ పనిచేసేది ఇదేనని నా అభిప్రాయం. ముందుగా పేర్ల గందరగోళం తీరాలి. వంట సోడా అంటే సోడియం బైకార్బొనేట్, దాని ద్రావణం పీహెచ్ (ఆమ్లమా, క్షారమా అని చెప్పే కొలత, 7 దాటితే క్షారం) సుమారు 8.3. బట్టల సోడా అంటే సోడియం కార్బొనేట్, పీహెచ్ 11 దగ్గర ఉంటుంది. కాస్టిక్ సోడా అంటే సోడియం హైడ్రాక్సైడ్. ఇది చర్మాన్ని, కళ్లను కాల్చేస్తుంది, బట్టలు ఉతకడానికి దీన్ని ముట్టుకోనే కూడదు. మూడూ తెల్లగానే ఉంటాయి కాబట్టి పేరు రాసి లేని డబ్బాలోని తెల్లపొడిని సోడా అనుకుని వాడడం ప్రమాదకరం.

బట్టల సోడా నీటిలోని కాల్షియాన్ని అవక్షేపంగా దించేస్తుంది, జిడ్డును కొంతవరకు సబ్బుగా మారుస్తుంది, మట్టి కణాలను బట్ట నుంచి విడదీస్తుంది. చేత్తో ఉతికేటప్పుడు 10 లీటర్ల వేడినీళ్లకు ఒక టేబుల్ స్పూన్, అంటే సుమారు 15 గ్రాములు సరిపోతుంది. ముందు నీళ్లలో పూర్తిగా కరిగించి, ఆ తరువాతే బట్టలు వేయాలి. పొడిని నేరుగా బట్టల మీద చల్లితే కరగని చోట్ల రంగు మచ్చలు పడవచ్చు. చేతులకు రబ్బరు తొడుగులు ఉండాలి. అల్యూమినియం పాత్రల్లో దీన్ని కలపకూడదు, ఆ లోహాన్ని ఇది తినేస్తుంది.

బట్టల సోడా దొరకకపోతే వంట సోడా నుంచే చేసుకోవచ్చు. వంట సోడాను స్టీలు పళ్లెంలో గానీ వేడిని తట్టుకునే గాజు పళ్లెంలో గానీ పలుచగా పరిచి, 200 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో గంటసేపు, మధ్యలో ఒకటి రెండుసార్లు కలుపుతూ ఉంచాలి. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి మిగిలేది సోడియం కార్బొనేటే. పని పూర్తయిందని తెలుసుకోవడానికి రంగు, గరుకుదనం చూడడం కంటే తూకం వేయడం నమ్మదగినది: 100 గ్రాములు పెడితే చివరకు సుమారు 63 గ్రాములు మిగలాలి. అంతకన్నా ఎక్కువ ఉంటే మరికొంతసేపు వేడిచేయాలి. చల్లారాక గాలి చొరని డబ్బాలో పోసి, పేరు రాసి, పిల్లలకు అందని చోట పెట్టాలి.

సబ్బు. సువాసనలు, మీగడలు ఎక్కువ లేని సాదా సబ్బు మేలు. 50 గ్రాముల సబ్బును తురిమి లీటరు వేడినీళ్లలో కరిగించి పెట్టుకుంటే, ఒక బకెట్ నీళ్లకు అందులోంచి 100 మిల్లీలీటర్లు వాడవచ్చు. చల్లారితే ఇది జావలా గట్టిపడుతుంది. అది చెడిపోయినట్లు కాదు, వాడే ముందు కొద్దిగా వేడినీళ్లు కలిపితే చాలు.

తురిమిన సబ్బు, బట్టల సోడా, వెలిగారం (బోరాక్స్) కలిపి పెట్టుకునే ఇంటి పొడి గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. కొత్తలో అది బాగానే ఉతికినట్లు కనిపిస్తుంది. నీళ్లు కాస్త కఠినమైనవైనా, జాడించడం కాస్త తగ్గినా, సబ్బు తెట్టు పోగుల మధ్య పొరలు పొరలుగా పేరుకుంటుంది. కొన్ని నెలలకు తువ్వాళ్లు నీళ్లు పీల్చడం మానేస్తాయి, తెల్లబట్టలు బూడిదరంగుకు తిరుగుతాయి, తడిసినప్పుడు పాత వాసన పైకి వస్తుంది. వాషింగ్ మెషిన్ గొట్టాల్లో కూడా అదే తెట్టు చేరుతుంది. చేత్తో ఉతికి మూడుసార్లు జాడించేవారికి సబ్బు మంచిదే గానీ, మెషిన్‌లో రోజువారీ వాడకానికి దీన్ని నేను సిఫారసు చేయను.

గిన్నెలు తోమే ద్రవం, షాంపూ. ఈ రెండింటిలో ఉన్నవి సబ్బు కాదు, డిటర్జెంటులో ఉండే రకం సర్ఫాక్టెంట్లే కాబట్టి కఠిన జలంలో కూడా తెట్టు కట్టవు. అత్యవసరంగా నాలుగు బట్టలు ఉతకాల్సి వస్తే ఇవే సులువైన దారి. గిన్నెల ద్రవం నూనె మరకల మీద, పాలిస్టర్ మీద బాగా పనిచేస్తుంది. ఒక బకెట్‌కు ఒక టీస్పూన్ చాలు. షాంపూ వెంట్రుకల కోసం చేసినది, ఉన్ని కూడా వెంట్రుకే. అందుచేత ఉన్నికి, పట్టుకు గోరువెచ్చని నీళ్లలో లీటరుకు అర టీస్పూన్ షాంపూ వేసి, రుద్దకుండా మెల్లగా నొక్కుతూ ఉతకడం సురక్షితం. కండిషనర్ కలిసిన షాంపూ వద్దు, అది బట్ట మీద పొరలా నిలిచిపోతుంది. గిన్నెలు కడిగే మెషిన్‌లో వేసే పొడి, బిళ్లలు పూర్తిగా వేరు. అవి గట్టి క్షారాలు, కొన్నింటిలో బ్లీచ్ కూడా ఉంటుంది కాబట్టి బట్టలకు వాడకూడదు.

కుంకుడుకాయలు. సాపిండస్ ప్రజాతికి చెందిన ఈ చెట్ల కాయల పైతొక్కలో సాపోనిన్లు అనే సహజ సర్ఫాక్టెంట్లు ఉంటాయి. వీటి రసం క్షారం కాదు, కొద్దిగా ఆమ్లమే. అందుకే పట్టుకు, ఉన్నికి, సున్నితమైన రంగులకు ఇంతకన్నా తగిన వస్తువు ఇంట్లో మరొకటి దొరకదు. గింజలు తీసేసిన తొక్కలు సుమారు 30 గ్రాములు ఒక లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఉదయం చిన్న మంట మీద 20 నుంచి 30 నిమిషాలు మరిగించాలి. చల్లారాక చేత్తో బాగా పిసికి, పిప్పిని పిండి, రసాన్ని సన్నని గుడ్డలో వడగట్టాలి. ఒక బకెట్ నీళ్లకు 100 నుంచి 150 మిల్లీలీటర్లు పడుతుంది. మరిగేటప్పుడు నురగ పొంగుతుంది కాబట్టి పెద్ద గిన్నె తీసుకోవాలి. పిసికేటప్పుడు కంట్లో పడితే విపరీతంగా మండుతుంది.

ఈ రసానికి పరిమితులు కూడా ఉన్నాయి. గోధుమరంగులో ఉండడం వల్ల తెల్లబట్టలను ఇందులో ఎక్కువసేపు నానబెడితే లేత మచ్చ పడవచ్చు. బాగా జిడ్డు పట్టిన వంటింటి గుడ్డల మీద దీని బలం చాలదు. నురగ తొందరగా చచ్చిపోతుంది. నురగ పోయిందంటే అందులోని సాపోనిన్ మురికితో నిండిపోయిందని అర్థం, అప్పుడు ఆ నీళ్లు పారబోసి కొత్త రసం వేయాలి. నిల్వ కూడా తక్కువే. బయట పెడితే రెండు మూడు రోజుల్లో పులిసి వాసన వస్తుంది, ఫ్రిజ్‌లో వారం దాకా ఉంటుంది, ఇంకా ఎక్కువ కావాలంటే ఐసు గడ్డలుగా గడ్డకట్టించుకోవచ్చు. సాపోనిన్లు చేపలకు విషం. ఈ నీళ్లను చేపల తొట్టెలోకి, చెరువులోకి వదలకూడదు.

మెషిన్‌లో వేయాలనుకునేవారు నాలుగైదు కాయల తొక్కలను చిన్న గుడ్డసంచిలో మూటకట్టి బట్టలతో పాటు వేస్తుంటారు. నీళ్లు వేడిగా ఉంటేనే అది ఫలిస్తుంది. చల్లని నీళ్లలో సాపోనిన్ చాలా తక్కువ దిగుతుంది కాబట్టి ముందే మరిగించిన రసం పోయడం మేలు.

బూడిద నీళ్లు. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది. ఒక వంతు జల్లించిన బూడిదకు అయిదు వంతుల నీళ్లు పోసి, ఒక రోజు కదపకుండా ఉంచి, పైన తేరిన నీటిని వడగట్టుకుంటే అది బట్టల సోడా ద్రావణంలాగే పనిచేస్తుంది. రంగులు వేసిన చెక్క, ప్లైవుడ్, బొగ్గు కాల్చిన బూడిద దీనికి పనికిరావు. బూడిద నీటి బలం ప్రతిసారీ మారుతుంది కాబట్టి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు, ముదురు పత్తి బట్టలకే పరిమితం చేయాలి. సోడా దొరికే చోట దీని అవసరం ఉండదు.

వంట సోడా, వెనిగర్. ఈ జంటకు ఉన్నంత పేరు మరి దేనికీ లేదు, ఇంత తప్పుగా వాడేదీ మరొకటి లేదు. రెండింటినీ కలిపినప్పుడు పొంగే నురగ చూసి అది మురికిని పెకలిస్తోందని అనుకుంటారు. జరిగేది అది కాదు. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం, సోడాలోని క్షారం ఒకదాన్నొకటి చంపేసుకుని సోడియం ఎసిటేట్, నీరు, కార్బన్ డయాక్సైడ్ మిగులుతాయి. 5 శాతం ఆమ్లం ఉన్న 100 మిల్లీలీటర్ల వెనిగర్‌ను పూర్తిగా నిర్వీర్యం చేయడానికి 7 గ్రాముల వంట సోడా చాలు. ఆ తరువాత బకెట్‌లో ఉన్నది కాస్త ఉప్పటి నీళ్లే.

విడివిడిగా అయితే రెండింటికీ ప్రయోజనం ఉంది. వంట సోడా చెమట వాసనను తగ్గిస్తుంది. ఒక బకెట్ నీళ్లకు అరకప్పు వేసి వాసన పట్టిన బట్టలను కొన్ని గంటలు నానబెట్టవచ్చు. జిడ్డును తీసే బలం మాత్రం దానికి లేదు. వెనిగర్ ఉతికే వస్తువే కాదు, జాడించే వస్తువు. సబ్బు దాదాపు పోయాక, చివరి జాడింపుకు ముందు నీళ్లలో బకెట్‌కు పావుకప్పు తెల్ల వెనిగర్ కలిపితే, మిగిలిన క్షారాన్ని, బట్ట మీద తెల్లగా పేరుకున్న కాల్షియం కార్బొనేట్‌ను కరిగిస్తుంది. సబ్బు నీళ్లలోనే వెనిగర్ పోస్తే సబ్బు విరిగి జిడ్డు ముద్దగా బట్టకే అంటుకుంటుంది. వెనిగర్ లేకపోతే అదే పనికి నిమ్మఉప్పు లీటరుకు పావు టీస్పూన్ సరిపోతుంది.

తెల్లదనం కోసం. గాయాలకు వాడే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ తెల్ల పత్తి బట్టల మీద మంచి ఫలితం ఇస్తుంది. 5 లీటర్ల గోరువెచ్చని నీళ్లకు ఒక కప్పు కలిపి అరగంట నానబెట్టి జాడించాలి. సోడియం పెర్కార్బొనేట్ పొడి దొరికితే ఇంకా మేలు. అది నీళ్లలో బట్టల సోడాగా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా విడిపోతుంది, అంటే జట్టులోని ఇద్దరి పని ఒక్కటే చేస్తుంది. 40 డిగ్రీలకు పైబడిన వేడిలోనే అది చురుకుగా పనిచేస్తుంది. కలిపిన ద్రావణాన్ని మూత బిగించిన సీసాలో నిల్వ చేస్తే లోపల ఆక్సిజన్ పెరిగి సీసా పగులుతుంది, కాబట్టి ఎప్పటికప్పుడు కలుపుకోవాలి. క్షారం ఉన్నందున ఇది పట్టుకు, ఉన్నికి పనికిరాదు.

వెలిగారం నీటిని మృదువుగా చేస్తుంది, పీహెచ్ 9 దాటిన తేలికపాటి క్షారం. అయితే యూరోపియన్ యూనియన్ దీన్ని పునరుత్పత్తి ఆరోగ్యానికి హాని కలిగించే పదార్థంగా వర్గీకరించింది. బట్టల సోడా ఉన్న ఇంట్లో దీని అవసరం లేదు. చిన్నపిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

నాలుగో మెట్టు: బకెట్‌లో ఉతికే వరుస

1. మట్టి, దుమ్ము ఎక్కువగా ఉన్న బట్టలను ముందు వట్టి నీళ్లలో ఒకసారి ముంచి పిండాలి. ఇది చేస్తే తరువాత వేసే వస్తువు సగం చాలు.

2. మరకలు ఉంటే ఈ దశలోనే చూసుకోవాలి. ఒకసారి వేడి తగిలితే కొన్ని మరకలు శాశ్వతంగా నిలిచిపోతాయి.

3. పత్తి బట్టలకు చేయి పట్టగలిగినంత వేడి ఉన్న నీళ్లు తీసుకుని, కఠిన జలమైతే బట్టల సోడా కరిగించి అయిదు నిమిషాలు ఆగాలి. ఆ తరువాత సబ్బు ద్రవమో గిన్నెల ద్రవమో కలపాలి. పట్టు, ఉన్ని అయితే సోడా లేకుండా గోరువెచ్చని నీళ్లలో కుంకుడు రసం గానీ షాంపూ గానీ కలపాలి.

4. పత్తి బట్టలను గంట నుంచి రెండు గంటలు నానబెట్టాలి. పట్టుకు అయిదు నిమిషాలు, ఉన్నికి పది నిమిషాలు మించకూడదు.

5. మెడపట్టీ, మణికట్టు, చంకల దగ్గర మెత్తని బ్రష్‌తో రుద్ది, మిగతా భాగాన్ని నలుపుతూ ఉతకాలి. నీళ్లు నల్లబడితే అదే నీళ్లలో ఇంకా రుద్దడం వల్ల లాభం లేదు. మార్చి మళ్లీ కలుపుకోవాలి.

6. కనీసం మూడుసార్లు జాడించాలి. మొదటిసారి వేడినీళ్లతో జాడిస్తే సబ్బు బాగా వదులుతుంది, రెండోసారి వెనిగర్ కలిపిన నీళ్లు, మూడోసారి వట్టి నీళ్లు. పిండిన నీటిని వేళ్ల మధ్య రాసి చూస్తే జారుడు తగలకూడదు.

ఉన్నిని ఉతికే నీళ్లు, జాడించే నీళ్లు ఒకే వేడిలో ఉండాలి. ఒక్కసారిగా వేడి మారడం, రాపిడి రెండూ కలిస్తే పోగులు పెనవేసుకుని బట్ట కుంచించుకుపోతుంది. ఉన్నిని మెలిపెట్టి పిండకూడదు, తువ్వాలులో చుట్టి నొక్కి తడి తీయాలి.

మెషిన్‌లో ఉతికేటప్పుడు

మెషిన్‌కు పెద్ద శత్రువు నురగ. ముందువైపు తలుపు ఉన్నవాటిలో నీళ్లు తక్కువ, తిప్పుడు ఎక్కువ కాబట్టి గిన్నెల ద్రవం, షాంపూ ఒక టీస్పూన్ దాటినా నురగ బయటకు పొంగుతుంది. నురగ పెరిగితే బట్టలు ఒకదానితో ఒకటి రాసుకోక మురికి కూడా పోదు. అందుచేత మెషిన్‌కు అన్నింటికన్నా సురక్షితమైనది నురగ లేని బట్టల సోడా: ఒక విడత పత్తి బట్టలకు అరకప్పు దాకా వేయవచ్చు. జిడ్డు ఉన్న చోట్ల గిన్నెల ద్రవం ఒక్కో చుక్క ముందే రాసి రుద్ది, ఆ తరువాత బట్టలను లోపల వేస్తే సోడా చేయలేని పని కూడా పూర్తవుతుంది. వెనిగర్‌ను ప్రతి ఉతుకులో వాడితే రబ్బరు భాగాలు కాలక్రమేణా దెబ్బతినవచ్చు, అప్పుడప్పుడు మాత్రమే వాడాలి. పొరపాటున నురగ పొంగితే మెషిన్ ఆపి, నీళ్లు తీసేసి, చల్లని నీళ్లతో జాడింపు మాత్రమే రెండు మూడుసార్లు నడపాలి.

మరకల సంగతి

ఎంజైములు లేని లోటు ఎక్కువగా తెలిసేది ఇక్కడే. రక్తం, పాలు, గుడ్డు మరకలకు మొదట చల్లని నీళ్లే వాడాలి. వేడినీళ్లు ప్రోటీనును గడ్డకట్టించి పోగుకు అతికిస్తాయి. చల్లని నీళ్లలో కాస్త ఉప్పు కలిపి అరగంట నానబెట్టి, మిగిలిన మచ్చను సబ్బుతో రుద్దాలి. తెల్లబట్ట అయితే పెరాక్సైడ్ చుక్కలు వేయవచ్చు. నూనె మరక మీద టాల్కం పొడి గానీ మొక్కజొన్న పిండి గానీ మందంగా చల్లి అరగంట తరువాత దులిపి, గిన్నెల ద్రవం నేరుగా రాసి వేడినీళ్లతో కడగాలి. టీ, కాఫీ మరకలకు పెర్కార్బొనేట్ సరైన మందు. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. అది క్షారానికి పసుపు రంగు మారడమే, భయపడనక్కరలేదు. జాడించాక మళ్లీ పసుపుకు తిరుగుతుంది, ఎండలో ఆరవేస్తే క్రమంగా వెలిసిపోతుంది. తుప్పు మరకకు నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి కడగాలి. దాని మీద క్లోరిన్ బ్లీచ్ వేస్తే మరక మరింత ముదురుతుంది.

ఎన్నడూ కలపకూడనివి

క్లోరిన్ బ్లీచ్‌తో వెనిగర్, నిమ్మరసం, నిమ్మఉప్పు వంటి ఏ ఆమ్లం కలిసినా క్లోరిన్ వాయువు వెలువడుతుంది. బ్లీచ్‌తో అమ్మోనియా కలిస్తే క్లోరమిన్ వాయువులు వస్తాయి. రెండూ ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. పెరాక్సైడ్, వెనిగర్ ఒకే పాత్రలో కలిస్తే పెరాసిటిక్ ఆమ్లం తయారై కళ్లను, గొంతును మండిస్తుంది. ఒక బకెట్‌లో ఒక పని, నీళ్లు మార్చాకే మరో వస్తువు అన్న నియమం పెట్టుకుంటే ఈ ప్రమాదాలు దగ్గరికి రావు.

జబ్బుపడినవారి బట్టలు, పసిపిల్లల గుడ్డలు

ఇంటి వస్తువులతో ఉతికితే బట్ట శుభ్రమవుతుంది గానీ క్రిములు చచ్చాయన్న భరోసా ఉండదు. వెనిగర్‌ను క్రిమిసంహారిణిగా నమ్మడం మంచిది కాదు. ఇలాంటి పత్తి బట్టలను సోడాతో మెషిన్‌లో 60 డిగ్రీల వేడిలో ఉతకాలి, లేదా స్టీలు పాత్రలో బట్టల సోడా కలిపిన నీళ్లలో పది నిమిషాలు మరిగించాలి. పసిపిల్లల గుడ్డలకు మరొకసారి అదనంగా జాడించడం అవసరం, చర్మానికి మిగిలిన క్షారమే ఎక్కువగా గుచ్చుకుంటుంది.

పేరుకున్న తెట్టును తీయడం

ఇదివరకే సబ్బు పొడితో నెలల తరబడి ఉతికి గట్టిపడిన తువ్వాళ్లు, దుప్పట్లు ఉంటే, ముందు ఉతికి శుభ్రంగా ఉన్నవాటినే తీసుకోవాలి. ఒక బకెట్ బాగా వేడి నీళ్లకు మూడు టేబుల్ స్పూన్ల బట్టల సోడా, ఒక టీస్పూన్ గిన్నెల ద్రవం కలిపి, నీళ్లు చల్లారేదాకా నాలుగైదు గంటలు, మధ్యమధ్య కలుపుతూ నానబెట్టాలి. నీళ్లు బురదరంగుకు మారితే తెట్టు వదులుతున్నట్లు లెక్క. ఆ నీళ్లు పారబోసి, నురగ పూర్తిగా పోయేదాకా జాడించి, చివరిదానికి ముందు జాడింపులో వెనిగర్ కలపాలి. ఈ పని రంగు పోయే బట్టలకు, సాగే దారం ఉన్న బట్టలకు వద్దు. ఆరిన తువ్వాలు మీద ఒక చెంచా నీళ్లు పోసి చూడాలి. నీరు వెంటనే ఇంకితే చాలు, బిందువులుగా నిలబడితే ఇదే పనిని మరొకసారి చేయాలి.